రోమ్‌లో నాలుగు రోజులు, అమ్మానాన్నలతో: పాంపీయా, ఓస్టియానా, టివోలీనా?

తెనాలి_కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటాను. అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. అక్టోబరు మొదటి వారంలో ఐదుగురం రోమ్ వెళ్తున్నాం: నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప, అమ్మ, నాన్న. గురువారం రాత్రి దిగుతాం, మంగళవారం పొద్దున్నే తిరుగు విమానం. అంటే చేతిలో ఉన్నవి శుక్ర, శని, ఆది, సోమవారాలు.

ఇప్పటికి వేసుకున్న ప్లాన్ ఇది. శుక్రవారం ఉదయం కొలోసియం, మధ్యాహ్నం వాటికన్ మ్యూజియం. శనివారం పాంపీ. ఆదివారం ఫ్లోరెన్స్. సోమవారం ఉదయం రోమ్ పాత రేవు పట్టణం ఓస్టియా ఆంటీకా, మధ్యాహ్నం విల్లాలూ తోటలూ ఉన్న టివోలీ. హోటల్ టెర్మినీ స్టేషన్ దగ్గరే.

నాన్నకి 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉంది, గంట నడిస్తే కాసేపు కూర్చోవాలి. తెనాలిలో రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. దేశం దాటడం ఇదే మొదటిసారి. హైస్కూల్లో పాంపీ గురించి పాఠం ఉండేదట, బూడిదలో మునిగిన ఆ ఊరు ఎప్పటికైనా చూడాలని అప్పటి నుంచీ ఆశ. మళ్ళీ వస్తారో రారో తెలియదు కాబట్టి వీలైనన్ని చూపించాలని నా తాపత్రయం. ఈ ప్లాన్ కుదురుతుందా? ఏమైనా మార్చాలా?

మానేరు

తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఏమీ అనుకోవద్దు. సోమవారం ప్లాన్ మొత్తం పోతుంది. ఓస్టియాకి సోమవారం సెలవు. టివోలీలో విల్లా దెస్తే కూడా సోమవారం ఉదయం మూసి ఉంటుంది, మధ్యాహ్నం తర్వాతే తీస్తారు. వాటికన్ మ్యూజియానికి ఆదివారాలు సెలవు, నెలలో చివరి ఆదివారం ఒక్కటే తెరుస్తారు. నేపుల్స్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఇటలీలో ఏ ప్రయాణమైనా ముందు ఈ సెలవులు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే రోజులు సర్దుకోవాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ పని చేయక ఒక పూట మొత్తం మూసిన గేటు ముందు నిలబడ్డాను.

ఇక పాంపీ లెక్క చూడండి. హోటల్ నుంచి టెర్మినీకి వెళ్ళి ప్లాట్‌ఫారం వెతుక్కోవడానికి అరగంట. టెర్మినీ నుంచి నాపొలి చెంత్రాలే (నేపుల్స్ పెద్ద స్టేషన్) వరకు హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలు. అక్కడ దిగి, కిందికి వెళ్ళి, సిర్కుంవెసువియానా లోకల్ రైలు పట్టుకోవడానికి ఇంకో అరగంట. ఆ లోకల్‌లో పాంపీ స్కావి స్టేషన్ దాకా దగ్గర దగ్గర నలభై నిమిషాలు. మొత్తం ఒక వైపుకే మూడు గంటలు, రానూ పోనూ ఆరు. యువకులకు సరే. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దాయనకు ఆ ఆరు గంటలు దారిలోనే ఖర్చయితే, ఊరు చూసే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

అదే ఓస్టియాకి అయితే మెట్రో బి లైన్‌లో పిరమిదే స్టేషన్‌లో దిగి, పక్కనే ఉన్న పోర్తా సాన్ పావొలో స్టేషన్‌లో లోకల్ ఎక్కితే అరగంట. మామూలు సిటీ టికెట్టే చాలు.

వరంగల్_పిల్ల

మానేరు అన్న చెప్పిన లెక్క నిజమే. కానీ పాంపీ వద్దని మాత్రం అనకండి. నేను 2023లో వెళ్ళాను. రోడ్డు మధ్యలో రాతి మీద బండి చక్రాల గాడి చూసి అక్కడే ఆగిపోయాను. రెండు వేల ఏళ్ళ కింద ఎవరో రోజూ బండి తోలితే పడ్డ గాడి అది. ఒక ఊరు ఊరంతా, బేకరీలు, హోటళ్ళు, గోడల మీద ఎన్నికల రాతలతో సహా అలా మిగలడం ఇంకెక్కడ చూస్తాం? ఆయనకి చిన్నప్పటి నుంచి ఆశ అంటున్నారు కదా. యాభై ఏళ్ళ ఆశని దూరం లెక్కతో కొట్టేయలేం.

తప్పనిసరిగా ఒక మాట. బస్సు ప్యాకేజీలో మాత్రం వెళ్ళకండి. మేము మొదటిసారి అలాగే వెళ్ళాం. రోమ్ నుంచి తెల్లవారే ఎక్కించుకున్నారు. దారిలో నగలు చెక్కే దుకాణంలో ముప్పావు గంట, భోజనానికి గంటన్నర, పాంపీలో రెండు గంటలు. ఆ రెండు గంటల్లో గైడు గొడుగు వెనక పరుగే. తర్వాత రైల్లో సొంతంగా వెళ్ళినప్పుడే ఆ ఊరు చూసినట్టు అనిపించింది.

పాతరాళ్ళు

నేను రోమ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. సెలవు దొరికితే ఈ శిథిలాల్లోనే తిరుగుతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఫ్లోరెన్స్ తీసేయండి. అది ఒక పూటలో చూసే ఊరు కాదు. మోకాళ్ళ నొప్పితో వచ్చిన వాళ్ళకి మ్యూజియం క్యూలు తప్ప ఏమీ మిగలదు. శుక్రవారం కొలోసియం, వాటికన్ రెండూ పెట్టడం కూడా తీసేయండి. కొలోసియం టికెట్‌లోనే ఫోరం (పాత రోమ్ నడిబొడ్డు చౌకం), పాలటైన్ కొండ కలిసి ఉంటాయి. ఆ రెంటికే నాలుగు గంటలు కావాలి, అక్కడ నేలంతా ఎగుడు దిగుడు రాళ్ళు.

ఇప్పుడు ఓస్టియా. మీ నాన్నగారు రైస్ మిల్లులో పనిచేశారన్న మాట చూడగానే నాకు తట్టింది అదే. ఓస్టియా రాజుల ఊరు కాదు, ధాన్యం ఊరు. టైబర్ నది సముద్రంలో కలిసేచోట రోమ్‌కి రేవు. ఈజిప్టు నుంచీ ఉత్తర ఆఫ్రికా నుంచీ ఓడల్లో వచ్చిన గోధుమలు ఇక్కడ దించి, గోదాముల్లో పోసి, పడవల మీద నదిలో పైకి లాగించి రోమ్ చేర్చేవారు. రోమ్‌లో లక్షల మందికి ప్రభుత్వం పంచిన ధాన్యం ఈ దారినే వెళ్ళింది. ఆ గోదాములను హొర్రెయా అంటారు, గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పెద్ద గోదాములో గింజకి చెమ్మ తగలకుండా నేలని కాస్త ఎత్తులో లేపి, కింద గాలి ఆడేలా కట్టారు. గోధుమ పిండి ఆడించిన మిల్లులూ ఉన్నాయి, లావా రాయితో చేసిన తిరగళ్ళు వరసగా అలాగే ఉన్నాయి. వాటిని పశువులతో తిప్పించేవారు. ఇంకో చోట నేలలో మెడ దాకా పాతిన పెద్ద పెద్ద జాడీలు కనిపిస్తాయి, మన పాతకాలం కాగుల్లాగా.

పాంపీకీ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, పాంపీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఒక్కసారిగా ఆగిపోయిన ఊరు. ఓస్టియా మెల్లగా వయసు మీద పడి తగ్గిపోయిన ఊరు. నది ఒండ్రు మట్టితో పూడుకుపోయింది, రేవు పని తగ్గింది, జనం వెళ్ళిపోయారు. 1557 వరదల్లో నదే దారి మార్చుకుంది. అందుకే ఇప్పుడు ఆ రేవు పట్టణం పక్కన రేవు కనిపించదు. పాంపీలో ఎక్కువ ఇళ్ళు ఒకటి రెండు అంతస్తులవి. ఓస్టియాలో కొన్ని అపార్ట్‌మెంట్లు, కింద కొట్లు, పైన అద్దె వాటాలు. మన ఊళ్ళలో మెయిన్ రోడ్డు మీద కట్టినట్టే.

జనం తక్కువ, చెట్ల నీడ ఉంది, కూర్చోడానికి గట్లు ఉన్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను ఎప్పుడూ ముందు చెప్పేది ఇదే.

గౌతమి

చదువుతుంటేనే బాగుంది. చిన్న పిల్లల తల్లిగా నా రెండు మాటలు. ఎనిమిదేళ్ళ పాపకి శిథిలాలు గంటన్నర దాటితే విసుగు వస్తుంది. మా బాబుకి నేను ఒక పని పెట్టేదాన్ని: నేల మీద జంతువుల బొమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు అని. ఓస్టియాలో నాటకశాల వెనక ఒక పెద్ద చౌకం ఉంది, చుట్టూ అరవై దాకా చిన్న చిన్న గదులు. అవి ఓడ వర్తకుల ఆఫీసులు. ప్రతి గది ముందూ నలుపు తెలుపు రాళ్ళతో బొమ్మలు: ఓడలు, చేపలు, దీపస్తంభం, ఒకచోట ఏనుగు. ఆ ఏనుగు లిబియాలోని సబ్రాతా వర్తకుల గుర్తు. మా బాబు ఆ ఏనుగు దొరికే దాకా కాలు ఆపలేదు.

తిండి కోసం లోపల కెఫెటేరియా ఉంది. అయినా పిల్లలతో వెళ్ళేటప్పుడు పులిహోరో, చపాతీలో డబ్బాలో పెట్టుకోవడం మంచిది.

ఆవకాయ_అన్నం

మీ వాళ్ళు శాకాహారులా? అయితే ఇది తెలుసుకోండి. పెకొరీనో, పర్మెజాన్ చీజ్‌ల తయారీలో దూడ, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్ళు ముందే అడగాలి. మరినారా పిజ్జాలో చీజ్ ఉండదు, టమాటా, వెల్లుల్లి, నూనె అంతే. మా అత్తగారు రోమ్‌లో నాలుగు రోజులూ దాని మీదే గడిపారు, పక్కన నేను తీసుకెళ్ళిన కారప్పొడి. నీళ్ళు కొనక్కర్లేదు, రోడ్ల మీద నాసోని అనే ఇనుప పంపులు ఉంటాయి. ఆ నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. సీసా ఒకటి చేతిలో ఉంచుకోండి.

తెనాలి_కుర్రాడు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఫ్లోరెన్స్ తీసేశాను. మా ఆవిడ మొదటి నుంచీ అదే అంటోంది.

నాన్నకి పాతరాళ్ళు గారు రాసింది చదివి వినిపించాను. నేలని ఎత్తులో లేపారన్న దగ్గర ఆపమన్నారు. "మన మిల్లు గోడౌన్‌లో బస్తాల కింద చెక్కలు వేసేవాళ్ళం. వాళ్ళు ఏకంగా నేలనే లేపారా?" అన్నారు. ఇంకోసారి చదవమన్నారు. కానీ పాంపీ వదులుకుందామా అంటే మాత్రం మాట్లాడలేదు. అది నాకు బాధగా ఉంది. ఆదివారం ఓస్టియా, సోమవారం పాంపీ పెడితే ఎలా ఉంటుంది? టివోలీ సంగతి?

కాకినాడ_కాజా

టివోలీ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను దాని తరఫున. విల్లా అద్రియానా చక్రవర్తి హేడ్రియన్ కట్టించుకున్న ఊరంత భవనం, సుమారు 120 హెక్టార్లు. తను తిరిగిన దేశాల్లో నచ్చిన చోట్లని గుర్తుచేసేలా కొలనులు, మండపాలు కట్టించుకున్నాడు. విల్లా దెస్తే 16వ శతాబ్దంది, ఒక కార్డినల్ కట్టించాడు. తోటలో ఫౌంటెన్లన్నీ ఒక్క పంపు కూడా లేకుండా ఆడతాయి. అనియెనే నది నీళ్ళని పై నుంచి మళ్ళించి, వాలు మీదే నడిపిస్తారు. మా పిల్లలు అక్కడి నుంచి రామన్నారు.

అయితే ఈ రెండూ ఒకేచోట లేవు. విల్లా అద్రియానా కొండ కింద, విల్లా దెస్తే పైన ఊళ్ళో. మధ్యలో లోకల్ బస్సు. విల్లా దెస్తే తోటంతా మెట్లూ దిగుడూ, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. మీ నాన్నగారి మోకాలి సంగతి విన్నాక నేనే చెప్తున్నాను, ఈసారికి వద్దు.

మానేరు

సోమవారం పాంపీ కుదురుతుంది, అది సోమవారం కూడా తెరిచే ఉంటుంది. కొన్ని జాగ్రత్తలు.

2024 నవంబరు నుంచి రోజుకి 20 వేల మందినే రానిస్తున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది. అందరి పాస్‌పోర్టులూ దగ్గర పెట్టుకోండి. 18 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, కానీ వాళ్ళ పేరుతో కూడా టికెట్ తీసుకోవాలి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు విడుదలవుతాయి, ఆ రోజే తీసుకోండి.

హైస్పీడ్ రైలు టికెట్లు ముందుగా కొంటే సగం కన్నా తక్కువకి దొరుకుతాయి, కానీ బాగా తక్కువ ధర వాటిని మార్చడానికి వీలుండదు. మీ పరిస్థితిలో పొద్దున వెళ్ళే టికెట్ చవగ్గా, తిరుగు టికెట్ మాత్రం మార్చుకునే రకం తీసుకోండి. నాన్నగారు అలిసిపోతే ముందు బండికి వచ్చేయొచ్చు. లోకల్ రైళ్ళ కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్‌లో ముద్ర వేయించాలి. మరిచిపోతే జరిమానా. నేను కట్టాను.

సిర్కుంవెసువియానాలో సీటు దొరకదు, జేబుల మీద చేయి ఉంచాలి. దానికి బదులు నాపొలి చెంత్రాలేలోనే మామూలు లోకల్ ఎక్కి పాంపీ టౌన్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి పియాజ్జా అన్ఫితెయాత్రో గేటు పావుగంట నడక. ఆ గేటు నుంచే చక్రాల కుర్చీ వెళ్ళేలా చదును చేసిన దారి మొదలవుతుంది, మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. నాన్నగారికి అదే మంచిది. ఆంఫీథియేటర్ (చుట్టూ మెట్లున్న గుండ్రటి పోటీల మైదానం) కూడా ఆ గేటు పక్కనే. క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టింది, ఇప్పటికి మిగిలిన రాతి ఆంఫీథియేటర్లలో అన్నిటికన్నా పాతది.

పాతరాళ్ళు

పాంపీ బదులు హెర్కులేనియం ఆలోచించారా? అదే అగ్నిపర్వతం, అదే రోజు. చిన్నది, రెండు మూడు గంటల్లో తీరిగ్గా చూడొచ్చు. అక్కడ పడింది వేడి బూడిద ప్రవాహాలు, ఇరవై మీటర్ల దాకా పేరుకుంది. అందువల్ల పై అంతస్తులు, బొగ్గుగా మారిన చెక్క తలుపులు, మంచాలు కూడా మిగిలాయి. నేపుల్స్ నుంచి ఇరవై నిమిషాలు.

వరంగల్_పిల్ల

పాతరాళ్ళు గారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఆయన పాఠంలో చదివింది పాంపీ. ఇంకో ఊరు ఎంత బాగున్నా ఆ పేరు పాంపీ కాదు కదా. మా నాన్న తాజ్‌మహల్ చూడాలని అంటూ అంటూ పోయారు. ఆగ్రా వెళ్ళే వీలు రాలేదు, దగ్గరుందని గోల్కొండ చూపించి తీసుకొచ్చాను. గోల్కొండ బాగుందనే అన్నారు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పాతరాళ్ళు

అర్థమైందమ్మా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాంపీయే వెళ్ళండి.

నల్గొండ_మాస్టారు

నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. తెనాలి బాబూ, మీ నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి.

1938లో పాంపీలో ఒక ఇంట్లో దంతపు బొమ్మ దొరికింది. జానెడు కన్నా కాస్త ఎక్కువ ఎత్తు. చేతినిండా గాజులు, కాళ్ళకి కడియాలు, నడుముకి మొలనూలు, పక్కన ఇద్దరు చెలికత్తెలు. చూడగానే మన బొమ్మ అని తెలిసిపోతుంది. మొదట లక్ష్మి అన్నారు, యక్షిణి అని చాలామంది పండితుల అభిప్రాయం. మహారాష్ట్రలోని భోకర్దన్ తవ్వకాల్లో ఇలాంటివే దొరికాయి. ఆ ఊరు శాతవాహనుల ఏలుబడిలోది. అంటే 79లో వెసూవియస్ పేలేనాటికే మన దక్కను బొమ్మ ఆ ఊరి ఇంట్లో ఉంది. ఇప్పుడది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అక్కడ 'రహస్య మందిరం' అనే గదిలో పెట్టారు. అందులో శృంగార శిల్పాలు కూడా ఉంటాయి కాబట్టి పాపని తీసుకెళ్ళేముందు మీరు ఒకసారి చూసి రండి.

ప్లినీ అని ఒక రోమన్ పెద్దమనిషి ఉండేవాడు. భారతదేశపు సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు పోతున్నాయని వాపోయాడు. సెస్టర్సు అంటే వాళ్ళ నాణెం. ఆ డబ్బు ఎటు వచ్చిందో మన నేలే సాక్ష్యం చెబుతుంది. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి, మా నల్గొండ జిల్లాలోనూ దొరికాయి. ఆ ప్లినీయే 79లో వెసూవియస్ పేలినప్పుడు ఓడలు వేసుకుని జనాన్ని కాపాడటానికి వెళ్ళి, ఆ తీరంలోనే చనిపోయాడు.

ఓస్టియాలో ఆ ఓడల బొమ్మలు చూసేటప్పుడు శాతవాహనుల నాణేల మీది రెండు తెరచాప కొయ్యల ఓడని కూడా తలుచుకోండి. అటు ఓడ, ఇటు ఓడ. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి ఈ పాఠం చెప్పాను. ఆ నేల మీద నిలబడే అవకాశం నాకు రాలేదు, మీ నాన్నగారికి వస్తోంది. చాలా సంతోషం.

ఇంకొకటి, మీరు వెళ్ళేది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు ఇటలీ ప్రభుత్వ స్థలాలన్నీ ఉచితం. ఓస్టియాలో కాస్త జనం ఉంటారు, పొద్దున్నే వెళ్ళండి.

తెనాలి_కుర్రాడు

మాస్టారూ, మీ పోస్టు నాన్న తనే ఫోన్ తీసుకుని చదువుకున్నారు. ప్లాన్ ఖాయం చేశాను. శుక్రవారం కొలోసియం, ఫోరం. శనివారం వాటికన్. ఆదివారం ఓస్టియా. సోమవారం పాంపీ. టికెట్లన్నీ తీసుకున్నాను. వచ్చాక రాస్తాను.

తెనాలి_కుర్రాడు

తిరిగొచ్చి పది రోజులైంది. ఆఫీసు పనిలో పడి ఆలస్యమైంది, క్షమించండి.

ముందు జరగనిది చెప్తాను. నాన్న పాంపీ చూడలేదు. శని, ఆదివారాలు అనుకున్నదానికన్నా ఎక్కువ నడిచాం. సోమవారం తెల్లవారుజామున లేచేసరికి మోకాలు వాచి ఉంది. మెట్లు దిగడమే కష్టమైంది. నేనూ అమ్మా ఆయనతో ఉండిపోయాం, మా ఆవిడా పాపా వెళ్ళొచ్చారు. నాన్నే పట్టుబట్టి పంపారు, "పాప కళ్ళతో చూస్తాలే" అని. వరంగల్ అక్కా, నువ్వు రాసింది ఆ రోజంతా నా మనసులో తిరుగుతూనే ఉంది. సోమవారం కాకుండా శుక్రవారమే పాంపీ పెట్టుకుని ఉండాల్సింది. కాళ్ళలో ఓపిక ఉండగానే దూరపు ఊరు ముందు, దగ్గరివి తర్వాత. ఇలా వెళ్ళేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

పాప వచ్చాక తాతయ్యకి బొమ్మ గీసి చూపించింది. వీధికి అడ్డంగా మూడు ఎత్తు రాళ్ళు, వాటి మధ్య ఖాళీలు. వానొచ్చి వీధిలో నీళ్ళు పారితే మనుషులు రాళ్ళ మీద దాటుతారు, బండి చక్రాలు ఆ ఖాళీల్లోంచి వెళ్తాయి. నాన్న ఆ కాగితం పాస్‌పోర్టులో పెట్టుకున్నారు.

ఇక ఓస్టియా. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఉన్నాం. స్టేషన్ దిగి రోడ్డు మీది వంతెన దాటితే వచ్చేస్తుంది. పెద్ద వీధి కిలోమీటరు పైనే, నేలంతా నల్ల రాళ్ళు, మోకాలికి అవే కష్టం. నెప్ట్యూన్ స్నానశాల దగ్గర మెట్లెక్కితే పై నుంచి నేల మీది బొమ్మ మొత్తం కనిపిస్తుంది: సముద్ర దేవుడు, గుర్రాలు. నాన్న ఎక్కలేదు, ఫోటోలో చూశారు. పాపకి ఏనుగు దొరికింది, గౌతమి గారూ! ఆ తర్వాత ఆ చౌకంలో నాటకశాల నీడన అరగంట కూర్చున్నాం. మాస్టారు చెప్పిన ఓడల మాట నాన్నే పాపకి చెప్పారు.

మిల్లు దగ్గర అమ్మ ఆగిపోయింది. తిరగలి రాయి మీద చెయ్యి పెట్టబోతే నేను వద్దన్నాను. "మా అమ్మమ్మ ఇంట్లో మినుములు విసిరే తిరగలి ఇలాగే ఉండేది, ఇది మనిషంత ఉంది" అంది. పై రాయి నడుము దగ్గర చిక్కి ఉంటుంది, పక్కన చెక్క దూర్చే కంతలు. గింజ ఎటు నుంచి పోస్తారు, పిండి ఎటు రాలుతుంది అని ఆవిడే మాకు చూపించింది.

గోదాముల దగ్గర నాన్న సంగతి చెప్పాలి. గోడ పక్కన రాతి మీద కూర్చుని చాలాసేపు చూశారు. తలుపు సందులు ఎంత సన్నగా ఉన్నాయో చూడమన్నారు. బస్తా భుజాన వేసుకుని ఒక మనిషి పట్టేంతే. "ఇలా ఉంటేనే లెక్క తప్పదు. ఒక్కొక్కడే బయటికి రావాలి, గుమస్తా ఇక్కడ కూర్చుంటాడు" అని తలుపు పక్క చోటు చూపించారు. అది నిజంగా అందుకే కట్టారో లేదో నాకు తెలియదు. కానీ ముప్పై ఏళ్ళు ఆ చోట కూర్చున్న మనిషి చెప్తున్నాడు. ఆ గోడల మధ్య ఆయన ఒక గంట ఉన్నారు. కొలోసియంలో ఇరవై నిమిషాలకే వెళ్దామన్నారు.

పాతరాళ్ళు

ఆ తలుపు సందుల ముందు నుంచి నేను కనీసం ముప్పైసార్లు నడిచి ఉంటాను. గుమస్తా ఎక్కడ కూర్చుంటాడని ఒక్కసారీ అనిపించలేదు. వచ్చే ఆదివారం వెళ్ళి చూస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు.

వరంగల్_పిల్ల

తమ్ముడూ, బాధపడకు. పాప బొమ్మ పాస్‌పోర్టులో పెట్టుకున్నారంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకోసారి వీసా వస్తే సరాసరి నేపుల్స్‌కే విమానం తీసుకోండి. అక్కడ రెండు రాత్రులు ఉంటే పాంపీ అరపూట ప్రయాణం, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోవచ్చు.

గౌతమి

పిల్లల బండి తోసుకుని ఓస్టియాలో తిరగొచ్చా అని నాకు ఒకరు మెసేజ్ పెట్టారు. ఆ నల్ల రాళ్ళ మీద చక్రాలు వెళ్ళవు, పిల్లని ఎత్తుకునే సంచీ నయం.

తెనాలి_కుర్రాడు

అక్కా, నేపుల్స్ మాట రాసిపెట్టుకున్నాను, వచ్చే ఏడాది మే నెలకి చూస్తున్నాను.

మాస్టారూ, ఒక సాయం. అమ్మా నాన్నా వచ్చే నెల తెనాలి వెళ్ళిపోతున్నారు. నాన్న అప్పుడే మా అన్నయ్యకి ఫోన్ చేసి నాగార్జునకొండ తీసుకెళ్ళమన్నారట. తెనాలి నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చా? మోకాలితో వీలవుతుందా?

నల్గొండ_మాస్టారు

వెళ్ళి రావచ్చు బాబూ, పొద్దున్నే బయల్దేరితే. కొండ మీది మ్యూజియం దీవిలో ఉంది. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఉంటుంది, నీళ్ళూ గాలీ బట్టి నడుపుతారు కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోమనండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు వద్దు. లాంచీ లేకపోయినా అనుపు మాత్రం చూడమనండి, కారు దగ్గరి దాకా వెళ్తుంది. ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోకుండా నాగార్జునకొండ లోయ నుంచి తెచ్చి మళ్ళీ కట్టిన ఇక్ష్వాకుల నాటి రంగస్థలం అక్కడుంది, చుట్టూ మెట్ల వరసలతో. ఓస్టియా నాటకశాల చూసొచ్చిన కళ్ళు కదా, కింది మెట్టు మీద కూర్చోబెట్టి చూపించమనండి.

మేము మిర్యాలగూడలోనే ఉంటాం. వచ్చే రోజు ముందే చెప్పమనండి, నేనూ అక్కడికి వస్తాను.

తెనాలి_కుర్రాడు

నాన్నకి చదివి వినిపించాను మాస్టారూ. శుక్రవారం కాకుండా బుధవారం అనుకుంటున్నారు. మిర్యాలగూడ అనగానే అక్కడి మిల్లులు కూడా చూడొచ్చా అని అడుగుతున్నారు.

నల్గొండ_మాస్టారు

తప్పకుండా. మా పక్కింటాయనది మిల్లే.